గుట్ట పక్క ఇంటికి డిష్షా, ఏంటీనానా

గఫూర్ చాచా పోయిండని ఆయన కొడుకు ఫోన్ చేస్తే పోయిన నెల ఆర్మూర్ పోయిన. బస్టాండ్ ఎనుక గల్లీల టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం చాచాది. ఇప్పుడు ఆ జాగల ఆయన కొడుకు సెల్‌ఫోన్లు అమ్ముతుండు. ఇంటికి పోయి చాచీ దగ్గర జరసేపు కూసున్న. ఆమె నా చెయ్యి పట్టుకోని మీ అమ్మ మంచిగున్నదా, మీ నాయిన మంచిగున్నడా అని ఒక్కటే తీరుగ అడిగింది. బయటికొచ్చినంక బస్సెక్కుదామనుకున్న గని కాళ్లు మా పాత గల్లీ దిక్కు తిరిగినయి. మా ఇంట్ల ఇప్పుడు కిరాయికి ఉంటున్నరు. లోపలికి పోలేదు. వాకిట్ల ఎవ్వరి పసుపు కొమ్ములో ఎండవోసి ఉన్నయి. రోడ్డు మీదనే నిలవడి కప్పు దిక్కు చూసిన. ఇనుప పైపుకు రెండు మూడు పుల్లలే మిగిలిన ఏంటీనా, పిట్టగోడకు బోల్టులు కొట్టిన తుప్పు డిష్, రెండు గట్లనే ఉన్నయి. వాటిని చూసేసరికి మళ్ల భయమైంది. ఇన్నేండ్లాయె, నాకు పెండ్లయి బిడ్డ కాలేజీకి పోతున్నది, ఇంక గూడ ఇనుప ముక్కలను చూసి భయపడుడేందని నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చింది గని భయం పోలేదు.

మా ఇల్లు గుట్ట కిందనే ఉండె. ఆర్మూర్ గుట్ట సంగతి చూసినోళ్లకు ఎరుకనే, నల్లటి బండలు ఎవరో కావాలని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటయి. పొద్దు దాన్ని దాటుకోని మా వాకిట్లకొచ్చేసరికి ఊళ్లె మిగిలినోళ్లంత ఒక వంతు పని జేసుకుంటుండిరి. పసుపు కాలం వచ్చిందంటే ఊరి చుట్టు పసుపు ఉడకబెట్టే వాసన. అది మట్టి వాసన కాదు, మందు వాసన కాదు, రెండు కలిసి ఆవిరైతే వచ్చే వాసన. మా ఇంట్ల దానికి తోడు తునికాకు వాసన, తంబాకు వాసన. అమ్మ బీడీలు చేస్తుండె. పొద్దుగాల్నే ఆకు తడిపి గోనె సంచిల చుట్టిపెట్టి, ఇంత మక్క గట్క ఉడకేసి, నన్ను కాలేజీకి తోలి, చాట ఒళ్లె పెట్టుకోని గోడకు ఆనుకోని కూసుంటే మళ్ల పొయ్యి ముట్టించే దాకా లేవకపోవు. ఆకు కత్తిరించుడు, తంబాకు వోసుడు, చుట్టుడు, దారం కట్టుడు, చేతులు వాటంతట అవే చేస్తుండె. కండ్లు మాత్రం ఎటో చూస్తుండె.

నాయిన కువైట్‌ల ట్రెయిలర్ డ్రైవర్. మా దిక్కు గల్ఫ్ పోని ఇల్లు చానా తక్కువ గనుక అదేం ఇచ్చంత్రం కాదు. ఇంట్ల బాపమ్మ, అంటే నాయినను కన్నతల్లి, అమ్మ, నేను, నాయిన తమ్ముడు రాజన్న చిన్నాయిన ఉంటుంటిమి. చిన్నాయినకు ఇంక పెండ్లి కాలేదు. పసుపు సేటు గోదాంల తూకం కాడ పని. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా పసుపు దుమ్ము ఉంటుండె. బాపమ్మ ఆయనను వాకిట్లనే నిలవెట్టి కొంగుతోని దులుపుతుండె, చిన్నపోరన్ని దులిపినట్టు.

శుక్రారం వస్తే మాకు పండుగనే. నాయినకు ఆ దినం సెలవు. గఫూర్ చాచా దుకాణంల ఫోన్ ఉండె. చాచా మధ్యాహ్నం నమాజుకు పోయొచ్చి దుకాణం తెరిచేసరికి మేము నలుగురం అరుగు మీద కూసోని ఉంటుంటిమి. అమ్మ ఆ పూట బీడీలు ముట్టకపోవు. తలస్నానం జేసి, చేతులకు తంబాకు వాసన రాకుంట సబ్బుతోని రుద్ది రుద్ది కడుక్కుంటుండె. ఫోన్ల వాసన వోదని చిన్నాయిన నవ్వుతుండె. ఫోన్ వచ్చినంక ముందుగాల బాపమ్మ అందుకుంటుండె. ఆవలి చెల్కల ఉన్నోన్ని పిలిచినట్టు "గంగన్నా, తింటున్నవా బిడ్డా" అని అరిస్తే బస్టాండ్ల ఉన్నోళ్లు గూడ మర్లి చూస్తుండిరి. ఆఖరికి అమ్మ. అమ్మ ఊ, ఊ అనుడు తప్ప ఎక్కువ మాట్లాడకపోవు.

ఒక శుక్రారం ఫోన్ల నాయిన, తమ కంపిని బండ్లు ఇప్పుడు బార్డర్ దాటి ఇరాక్‌లకు సామాన్లు తీస్కపోతున్నయని చెప్పిండు. లైన్‌గ పోతమని, ముందట ఎనుక మిలిటరీ బండ్లుంటయని, భయమేం లేదని చెప్పిండట. ఇంటికొచ్చేటప్పుడు అమ్మ నన్నడిగింది, "భయమేం లేకపోతే మిలిటరీ ఎందుకే బిడ్డా?" అప్పటి సంది మా ఇంట్లకు భయమొచ్చి కూసుంది. తినేటప్పుడు, ఆకు తడిపేటప్పుడు, ఆఖరికి నవ్వేటప్పుడు గూడ పక్కన ఒక మనిషి కూసున్నట్టే ఉంటుండె.

మా టీవీ నాయిన మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చిన కలర్ టీవీ. గల్లీలకు కేబుల్ రాలేదు. గుట్ట పక్క ఉన్న నాలుగిండ్ల కోసం ఎవ్వరు వైరు గుంజుతరు. కప్పు మీద పైపుకు కట్టిన ఏంటీనాతోని సర్కారు టీవీ ఒక్కటి వస్తుండె, అది గూడ గుట్ట గాలి తిరిగిన దాన్ని బట్టి. బొమ్మ మీద చుక్కలు పడుతుండె, మనుషులకు ఎనుక ఇంకో మనిషి నీడ లెక్క కనపడుతుండె. సరిగ్గ ఆ దినాల్లనే గుట్ట మీది కోతులు మందగొచ్చి ఏంటీనా పట్టుకోని ఊగి ఊగి దాన్ని ఇరగ్గొట్టినయి. టీవీ మొత్తానికి బందైంది. ఆ వారం నాయిన ఫోన్ రాలేదు. మళ్లొచ్చిన శుక్రారం గూడ రాలేదు.

అమ్మ బీడీలు అప్పజెప్పనీకి కార్ఖానాకు పోతే లైన్ల నిలవడ్డ ఆడోళ్లు, ఇరాక్‌ల డ్రైవర్లను ఎత్తుకపోతున్నరని, టీవీల చూపిస్తున్నరని చెప్పుకుంటుండిరట. వేల్పూర్ దిక్కు ఆమె ఒకామె, నా మొగడు కూడ డ్రైవరే అని ఏడుస్తుంటే అందరు ఆమె చుట్టు మూగిండ్రట. అమ్మ ఇంటికొచ్చి చాట కిందవెట్టి, కాళ్లు గూడ కడుక్కోకుంట, "రాజన్నా, టీవీ బాగుచేపియ్యి" అన్నది. చిన్నాయిన అప్పుడే అన్నం ముందట కూసున్నడు. తలకాయ లేపకుంటనే, సరే వదినె అన్నడు.

గఫూర్ చాచాను అడిగితే రెండు తొవ్వలు చెప్పిండు. ఒకటి, ఇంత పెద్ద పైపు మీద కొత్త ఏంటీనా ఎక్కిచ్చి బూస్టర్ డబ్బా పెట్టుకునుడు. దాంట్ల వచ్చేటిది ఆ సర్కారు ఛానెలే, పొద్దూకినంక ఒక్కసారి వార్తలు. రెండోది, సర్కారే కొత్తగ తెచ్చిన డిష్. చిన్న గిన్నె, దానికొక డబ్బా. ఒక్కసారి కొనుక్కుంటే నెల నెల ఎవ్వరికి ఏం కట్టేది లేదు, బోలెడు ఛానెళ్లు, హిందీ వార్తలైతే పొద్దంత. ఊళ్లె అప్పటికే అక్కడక్కడ కప్పుల మీద ఆ గిన్నెలు కనపడుతుండె. అమ్మ ఒక్క క్షణం గూడ ఆలోచించలేదు. "డిష్ కావాలె" అన్నది.

బాపమ్మకు ఇష్టం లేకుండె. "పొద్దంత వార్తలు చూస్తే మనిషి పానం నిలుస్తదా లక్ష్మీ? పొద్దూకినంక ఒక్కపారి చూస్తే చాలదా?" అన్నది.

"చూడకపోతే నిలుస్తదా అత్తా?" అన్నది అమ్మ.

ఆ మాటకు బాపమ్మ లేసిపోయి ఎనుక వాకిట్ల కూసుంది. ఇచ్చంత్రం ఏందంటే, ఎప్పుడు అమ్మ మాటకు ఎదురు చెప్పని చిన్నాయిన ఈసారి బాపమ్మ దిక్కు మాట్లాడవట్టె. వానొస్తే డిష్ బందైతదన్నడు. ఎండకు డబ్బా కాలిపోతదన్నడు. కోతులు ఏంటీనానే ఇడిచిపెట్టలేదు, గిన్నెను ఇడిచిపెడతయా అన్నడు. మన ఇంటికి గుట్ట అడ్డమున్నది, సిగ్నల్ రాదన్నడు. అన్నం కలుపుకుంట, నీళ్లు తోడుకుంట, బనీను తొడుక్కుంట ఒక్కటే చెప్పుడు.

అమ్మ ఇనలేదు. ఆఖరికి సిగ్నల్ వస్తదా రాదా చూద్దామని గఫూర్ చాచా ఒక డిష్, డబ్బా తీస్కోని వచ్చిండు. చాచా, చిన్నాయిన కప్పు మీదికి ఎక్కిండ్రు. నేను కింద టీవీ ముందట కూసున్న. తెర మీద పొడుగు గీత ఒకటి ఖాళీగ ఉంటది, సిగ్నల్ దొరికితే అది నిండుతదని, నిండంగనే కేకెయ్యమని చాచా చెప్పిపోయిండు. అమ్మ పొయ్యి కాడ ఉన్నది గని చెవులు నా దిక్కే. పై నుంచి, "వచ్చిందా బిడ్డా?" అంటడు చాచా. "రాలే చాచా" అంట నేను. గట్ల చానాసేపైంది. ఉన్నట్టుండి ఆ గీత సగం దాటి నిండింది. నీలం రంగు తెర మీద ఎవరిదో మొఖం, చుక్కల్లేని మొఖం, అప్పుడే కడిగినట్టున్న మొఖం కనపడ్డది. నేను "వచ్చింది చాచా, వచ్చింది" అని కేకేసిన. పైన ఏం మాట వినవడలేదు. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపట్లనే ఆ మొఖం పోయింది, గీత ఖాళీ అయింది. తర్వాత చాచా గొంతు, "రాలేదు బిడ్డా. గుట్ట అడ్డమున్నది."

చాచా కిందికి దిగి వచ్చి అమ్మ మొఖం చూడకుంటనే, "ఏం చేస్తం చెల్లె, ఈ జాగల డిష్ పట్టదు. ఏంటీనానే పెడత, మంచి బూస్టర్ పెడత" అన్నడు. అమ్మ ఆయన దిక్కు చూసింది, చిన్నాయిన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. మరునాడే ఇంత ఎత్తు పైపు, కొత్త ఏంటీనా వచ్చినయి.

గీత నిండుడు మాత్రం నేను కండ్లార చూసిన. చాచా అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇగ చిన్నాయిన రోజు వార్తల టైముకు గోదాంకెళ్లి ఉరికొచ్చి, టీవీకి ఎంత దగ్గరంటే స్విచ్చి చేతికందేంత దగ్గర కూసుంటుండె. వార్తల్ల ఇరాక్ అన్న మాట వినవడంగనే ఆయన మెడ నరాలు బిగుసుకుంటుండె. నేను టీవీ చూసుడు బందువెట్టి ఆయన మెడనే చూసుడు మొదలువెట్టిన. ఇగ ఉండవట్టక ఒక దినం కాలేజీకెళ్లి సీదా గోదాంకు పోయిన. పసుపు బస్తాల మధ్యల దుమ్ము లేస్తున్నది, కాంటా కాడ చిన్నాయిన ఉన్నడు. నన్ను చూడంగనే ఆయన మొఖం తెల్లవడ్డది. "ఏమైంది? ఎవలన్న వచ్చిండ్రా ఇంటికి?" అన్నడు.

"ఎవ్వరు రాలే. ఆనాడు సిగ్నల్ వచ్చింది గదా చిన్నాయినా. మరి రాలేదని ఎందుకన్నరు?"

చిన్నాయిన నన్ను బస్తాల చాటుకు తీస్కపోయిండు. మెల్లగ చెప్పిండు. గఫూర్ చాచా బామ్మర్ది కువైట్‌ల నాయినోళ్ల క్యాంపుల్నే ఉంటడు. చాచా మనకు డిష్ సంగతి చెప్పిన రాత్రే ఆయన ఫోన్ చేసి చెప్పిండట. బార్డర్ దాటిన బండ్లల్ల కొన్ని తిరిగి రాలేదని, తొవ్వల ఎవరో అడ్డం తిరిగి డ్రైవర్లను దించుకపోయిండ్రని, మన గంగన్న బండి గూడ ఆ లైన్ల ఉండెనని. దొరికినోళ్లల్ల ఉన్నడా, తప్పించుకున్నోళ్లల్ల ఉన్నడా ఎవ్వరికి ఎరుకలేదట. "ఖబర్ పక్కా తెలిసే దాక వదినెకు చెప్పొద్దనుకున్నం బిడ్డా. డిష్ పెడితే ఆ హిందీ వార్తలోళ్లు పొద్దంత గదే చూపిస్తరు. మనిషిని కూసోవెట్టి... ఎట్ల చూస్తది అమ్మ?" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు చెంపల మీది పసుపును తడిపి కిందికి జారినయి. మా ఇంట్ల మొగోళ్లు ఏడ్వంగ చూసుడు నాకు అదే మొదలు.

ఇంటికొచ్చి ఏం జరగనట్టు కూసుందామనుకున్న. అమ్మ ఆకు కత్తిరిస్తున్నది. కత్తెర ఆపకుంటనే అడిగింది.

"ఆనాడు గీత లేసిందా, లేదా?"

నేను ఆకులు సదురవట్టిన.

"గిన్నె ఆకాశం దిక్కు చూస్తున్నదే. నేను గూడ చూసిన కింది నుంచి. గుట్ట ఆకాశంల లేదుగద. నిజం చెప్పు బిడ్డా, లేసిందా లేదా?"

"లేసింది" అన్న.

అమ్మ కత్తెర కిందవెట్టింది. చేతులు కడుక్కోని, కొంగు సదురుకోని, నన్ను ఎంటవెట్టుకోని గఫూర్ చాచా దుకాణానికి పోయింది. చాచా ఏదో రేడియో ఇప్పి ముందటేసుకున్నడు. మమ్ముల చూసి లేసి నిలవడ్డడు. అమ్మ అరుగు కిందనే నిలవడి అడిగింది.

"గఫూరన్నా, నా ఇంటికి గుట్ట అడ్డమున్నదా, నా మరిది అడ్డమున్నడా?"

చాచా చేతుల ఉన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిండు. టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు. "కూసో చెల్లె" అన్నడు. చిన్నాయిన నాకు చెప్పిందే, ఇంకింత మెత్తగ, మధ్య మధ్యల అల్లా పేరు తలుసుకుంట చెప్పిండు. అమ్మ నిలవడే ఇన్నది. అమ్మ కింద పడ్తదని నేను ఆమె రెక్క పట్టుకున్న. రెక్క రాయి లెక్క గట్టిగున్నది. అంత ఇని, "డిష్ ఇయ్యి అన్నా" అన్నది.

"చూడలేవు చెల్లె. నా మాట ఇను."

"మీరు ఇద్దరు మొగోళ్లు మోస్తున్నరు గద, నా పెనిమిటి సంగతి నేను మొయ్యలేనా? నాకు కనపడకుంట చేస్తే ఆడ జరిగేది ఆగుతదా?" అమ్మ గొంతు లేవలేదు. దుకాణంల ఇంకెవరన్న ఉంటే వాళ్లకు గూడ వినవడకపోవు. "ఇన్ని దినాలు నేను చుక్కలల్ల ఎతుకుతున్న. సాఫ్‌గ చూపియ్యి."

చాచా ఆ పూటనే డిష్ పట్టుకొచ్చి పిట్టగోడకు బిగిచ్చిండు. ఈసారి గీత తొందర్గనే నిండింది. చిన్నాయిన ఇంటికొచ్చి కప్పు మీది గిన్నెను చూసి వాకిట్ల కూలవడ్డడు. అమ్మ బయటికి పోయి, "లే రాజన్నా, కాళ్లు కడుక్కో" అన్నది. బాపమ్మకు అమ్మనే చెప్పింది. బాపమ్మ ఏడుస్తదనుకున్నం. ఆమె లోపలికి పోయి నాయిన పాత అంగీ ఒకటి తీసుకొచ్చి ఒళ్లె పెట్టుకోని టీవీ ముందట కూసుంది.

ఆ తర్వాత మా ఇల్లు ఎట్లుండెనో మాటల్ల చెప్పుడు కష్టం. పొయ్యి మండుతుండె, టీవీ మొత్తుకుంటుండె. అమ్మకు హిందీ రాదు, బాపమ్మకు రాదు. బడిల చదివిన హిందీ, గల్లీల ఆడుకుంట నేర్చిన ఉర్దూ నాకు వచ్చు గనుక తెర మీద వాళ్లు మాట్లాడేది నేను తెలుగుల చెప్పాలె. ఏ మాట ఎప్పుడు చెప్పవలసొస్తదో అని భయం. వార్త చదివే ఆమె నోరు తెరవంగనే ఆ నోట్లకెళ్లి మా నాయిన పేరొస్తదని నేను టీవీకి ఇంకింత దగ్గరికి జరుగుతుంటి. నీళ్లు తాగనీకి లేవాలన్న భయమే, లేసినప్పుడే చూపిస్తరేమో. కాలేజీ బందువెట్టిన. ఒకనాడు మంటల్ల కాలుతున్న బండి చూపిచ్చిండ్రు. నాయిన ఒకపారి పంపిన ఫొటోల ఆయన ఆకుపచ్చ రంగు క్యాబిన్ పక్కన నిలవడి ఉండె. అమ్మ లేసిపోయి తెరకు మొఖం ఆనిచ్చి, "పచ్చదేనా బిడ్డా? పచ్చదేనా?" అని అడిగింది. కాలినంక ఏ రంగైతే ఏంది, అంత నల్లగనే ఉన్నది. కనపడ్తలేదమ్మా అన్న.

ఇంకోనాడు కొందరు మనుషులను నేల మీద వరుసగ కూసోవెట్టి ఎనుక మొఖాలకు గుడ్డలు కట్టుకున్నోళ్లు నిలవడ్డ బొమ్మ చూపిచ్చిండ్రు. చిన్నాయిన స్విచ్చి దిక్కు చెయ్యి చాపిండు. అమ్మ ఆ చెయ్యి పట్టుకున్నది. ఒక్కొక్క మొఖాన్ని చూసింది. మొఖం కానరానోళ్ల పాదాలను చూసింది. "కాదు" అన్నది. "ఈయన కాదు... ఈయన గూడ కాదు." ఆఖరి మనిషి దాక చూసి, "ఎవరో తల్లులు కన్నోళ్లే" అని మెల్లగ అని, మళ్ల చాట ఒళ్లెకు తీసుకున్నది. ఆ పొద్దు అమ్మ చేసిన బీడీలు కార్ఖానాల వాపస్ చేసిండ్రు. సగం బీడీలల్ల తంబాకే లేదు. ఖాళీ ఆకును చుట్టి దారం కట్టింది. బీడీలు పట్టుకపోయిన నన్ను ఆడోళ్లెవ్వరు ఏమనలేదు, ఎందుకంటే అప్పటికి ఊళ్లె అందరికి ఎరుకైంది.

గట్ల ఉంటుంటే ఒకనాడు ఎండ మండిపోయే యాళ్లకు గఫూర్ చాచా లూనా మా గల్లీలకొచ్చింది. ఆ బండి చప్పుడు మా అందరికి ఎరుక. శుక్రారం గూడ కాదు. చాచా బండి దిగుడు కిటికీలకెళ్లి చూసి, మంచిదా చెడ్డదా అని ఆయన మొఖంల ఎతికిన. ఆయన ఎగపోసుకుంట వస్తుండు, ఏం తెలుస్తలేదు. బాపమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. చాచా గడప కాడ నిలవడి, "చెల్లె, గంగన్న ఫోన్ చేసిండు. మళ్ల చేస్తనన్నడు. తొందర్గ రా" అన్నడు.

అమ్మ వెంటనే లేవలేదు. తంబాకు మీద తడిగుడ్డ కప్పింది, కత్తెర గూట్లె పెట్టింది. తర్వాత లేసింది. నేను, అన్నానికి ఇంటికొచ్చిన చిన్నాయిన చెరో రెక్క పట్టుకోని నడిపిచ్చుకపోయినం. దుకాణంల ఫోన్ మోగుతనే ఉన్నది. ఈసారి బాపమ్మ కంటే ముందుగాల అమ్మనే అందుకున్నది. చెవికి గట్టిగ ఆనిచ్చుకున్నది. ఆవల నాయిన హలో హలో అనుడు మాకు గూడ వినవడుతున్నది.

"నేనే" అన్నది అమ్మ. "మాట్లాడు. ఏదన్న మాట్లాడు. నేనేం అడగ, నువ్వు ఊకె మాట్లాడుతుండు."

నాయిన ఏం చెప్పిండో తర్వాత తెలిసింది. నాయిన బండికి ముందట ఉన్న బండ్లను ఆపి డ్రైవర్లను తీస్కపోయిండ్రట. నాయిన బండి ఇడిచిపెట్టి ఇంకొందరితోని కలిసి ఇసుకల ఉరికి, ఒక మిలిటరీ క్యాంపుల పడ్డడట. తొవ్వ తెరిచే దాక బయటికి పంపలేదు, ఫోన్ చేసుకోనియ్యలేదు. కువైట్‌కు తిరిగొచ్చినంక ముందుగాల చేసిన ఫోన్ ఇదే. ఆనాడు లైన్ కట్ అయే దాక అమ్మ గట్లనే చెవి కాడ పెట్టుకోని నిలవడ్డది. కట్ అయినంక గూడ జరసేపు తియ్యలేదు. గఫూర్ చాచా మర్లి దుకాణం గోడ దిక్కు మొఖం పెట్టుకున్నడు.

కొన్ని నెలలకు నాయిన వచ్చిండు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బాపమ్మ ఆయనను వాకిట్లనే నిలవెట్టి, ఒంటి మీద దుమ్మేం లేకున్న కొంగుతోని దులిపింది. ఇగ అంత సర్దుకుంటదనుకున్నం. నాయిన టీవీ ఉన్న అర్రల కూసుంటలేకుండె. వార్తల ముందట వచ్చే ఆ పాట మొదలుగాంగనే లేసి గుట్ట మీదికి పోతుండె. ఒకనాడు ఏదో ఊళ్లె బండి కాలుడు చూపిస్తుంటే నాయిన చేతుల చాయ్ కప్పు కిందవడి పలిగింది. అమ్మ పలిగిన ముక్కలు ఏరలేదు. సీదా ఇంటి కప్పు మీదికి ఎక్కి, తాను కొట్లాడి పెట్టిచ్చుకున్న డిష్‌కు ఉన్న వైరు తన చేతులతోనే ఇప్పి, ఏంటీనా వైరు తెచ్చి టీవీకి పెట్టింది. మళ్ల చుక్కలొచ్చినయి. ఆ చుక్కల్ల ఎవరో పసుపుకు ఎరువులు ఎట్ల వెయ్యాలెనో చెప్తుండిరి. నాయిన అది చూసుకుంట కూసున్నడు. నాయిన మళ్ల గల్ఫ్ పోలేదు. అమ్మ గూడ పొమ్మనలేదు.

ఇప్పుడు అమ్మనాయిన నా దగ్గరనే ఉంటరు, నిజామాబాద్‌ల. బాపమ్మ పోయి చానా ఏండ్లాయె. చిన్నాయినకు పిల్లలు పెద్దోళ్లైండ్రు. నా ఫోన్‌కు దునియాల ఎక్కడ ఏం కాలినా ఆ నిమిషమే ఖబరొస్తది. మా ఆయన ఏ రోడ్డు మీదున్నడో బొట్టు లెక్క తెర మీద కనపడ్తది. ఆ బొట్టు జరసేపు కదలకపోతే నేను ఆనాడు టీవీ ముందట కూసున్నట్టే దాని ముందట కూసుంట. అప్పుడు మాకు ఖబర్ రాక భయం, ఇప్పుడు ఖబర్ ఆగక భయం. ఏది నయమని ఎవరన్న అడిగితే నేను చెప్పలేను. భయం తగ్గనీకి తెలుసుకోవాలెనని అమ్మ అనుకున్నది, తెల్వకుంట ఉండాలెనని బాపమ్మ అనుకున్నది. ఇద్దరు భయపడ్డరు, ఇద్దరు గూడ నాయిన కోసమే భయపడ్డరు.

మొన్న మధ్యాహ్నం ఆఫీసు నుంచి జల్ది వచ్చి చూసిన. నాయిన మంచం మీద పండుకున్నడు. అమ్మ పక్కన కుర్చీల కూసోని ఉన్నది. బీడీలు బందువెట్టి ఎన్నో ఏండ్లాయె గని ఒళ్లె చేతుల వేళ్లు గట్లనే కదులుతుంటయి. టీవీ నడుస్తున్నది, అమ్మ దాన్ని చూస్తలేదు. నాయిన కడుపు మీద పెట్టుకున్న చెయ్యి ఊపిరితోని లేస్తున్నదా పడుతున్నదా అని చూస్తున్నది. రోజు గంతే, ఆయన పండుకున్నంతసేపు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టి సప్పుడు చెయ్యకు అని సైగ చేసింది. ఆ చెయ్యి ఒకపారి చానాసేపు లేవనట్టనిపిచ్చింది కావచ్చు, అమ్మ ముందటికి వంగింది. నాయిన నిద్రల ఏదో గొణిగి పక్కకు మర్లిండు. అమ్మ ఎనుకకు ఆనుకోని కూసుంది, తర్వాత లేసి చాయ్ పెట్టనీకి పోయింది.